కాంటా దగ్గర తప్పిన లెక్క: గురక జబ్బు బుర్రను తినకముందే చేయాల్సిన పనులు

కాంటా తెర మీద ఎర్రంకెల్లో 53 క్వింటాళ్ల 20 కిలోలు అని ఉంది. నేను చదివిందీ అదే. పుస్తకంలో రాసింది మాత్రం 35 క్వింటాళ్ల 20 కిలోలు. సాయంత్రం డబ్బుల దగ్గర రైతు లెక్క చూసుకుని, "నా పద్దెనిమిది క్వింటాళ్లు యాడ వోయినయి సారూ?" అని నిలబడ్డాడు. నలభై వేలకు పైన తేడా. కాంటా చిట్టీ ఆయన జేబులోనే ఉంది కాబట్టి అప్పటికప్పుడు సరిచేశాం. మా సావుకారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఏందయ్యా, పగటిపూటనే మొదలువెట్టినవా?" అని అడిగాడు. నేను మందు ముట్టను. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో 27 ఏళ్లుగా గుమస్తాను. వయసు 54. కోతల సీజను వస్తే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు రాత్రీపగలూ బారులు తీరి ఉంటాయి. తేమ, తరుగు, హమాలీ ఖర్చు అన్నీ కాగితం ముట్టకుండా నోటితో చెప్పినవాణ్ని. అలాంటివాణ్ని ఏడాదిన్నర పాటు కూడికలు రెండుసార్లు వేసుకుంటే గానీ నమ్మకం కుదరని మనిషినైపోయాను. చివరికి తేలిందేమిటంటే, రాత్రి నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోంది. డాక్టర్లు దీన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. మనం గురక అని నవ్వి వదిలేస్తాం. నేను డాక్టరును కాను. కానీ ఈ దారిలో ఎక్కడెక్కడ టైము, డబ్బు పోగొట్టుకున్నానో తెలుసు. ఆ వంకర్లు తీసేసి, పనికొచ్చిన వరుసలో చెబుతాను.

ముందు తప్పుల పుస్తకం పెట్టండి

ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు. రెండు వారాలు, రోజూ చేసిన తప్పులు రాయండి. తేదీ, టైము, ఏం తప్పింది, ముందు రాత్రి నిద్ర ఎలా సాగింది. అంతే. నేను ఇది మొదలుపెట్టింది జబ్బు కోసం కాదు, ఉద్యోగం పోతుందన్న భయంతో. రెండు వారాల్లో 31 తప్పులు వచ్చాయి. అంకెలు తారుమారు కావడం 9. ఒకే మనిషిని ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం 7. నోటి చివరి దాకా వచ్చిన పేరు రాకపోవడం, తాళం చెవి చేతిలో పట్టుకుని వెతకడం, హమాలీ మేస్త్రి మీద ఉత్తపుణ్యానికి అరవడం, ఇవన్నీ మిగతావి. అరవడాన్ని కూడా తప్పుగానే రాయండి. అది కూడా బుర్ర పనే, కాసేపట్లో చెబుతాను.

రాసింది చదువుకుంటే నాకు ఒకటి అర్థమైంది. నేను మరిచిపోవడం లేదు, అసలు ఎక్కించుకోవడమే లేదు. రైతు చెప్పిన మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి చేరలేదు. చిన్నప్పటి ఎక్కాలు, పదేళ్ల కిందటి బాకీలు అన్నీ భద్రంగా ఉన్నాయి. పొద్దున పది గంటలకు చెప్పింది మాత్రం పన్నెండుకు లేదు. ఎవరైనా గుర్తు చేస్తే, "అవునవును" అని తట్టేది కూడా తక్కువే. ధ్యాస దెబ్బతిన్నప్పుడు మతిమరుపు ఇలాగే కనిపిస్తుంది. ఈ తేడా డాక్టరుకు చెప్పగలిగితే సగం పని అయినట్టే. చెప్పాలంటే మాత్రం ఆ పుస్తకం ఉండాలి, ఎందుకంటే డాక్టరు ముందు కూర్చున్నాక మన తప్పులు కూడా మనకు గుర్తురావు!

రాత్రి లోపల జరిగేది

పడుకున్నాక గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గురక వస్తుంది. పూర్తిగా మూసుకుంటే శబ్దమే ఉండదు. ఛాతీ, పొట్ట గాలి కోసం ఎగిరెగిరి పడుతుంటాయి, గాలి మాత్రం పోదు. కనీసం 10 సెకన్లు ఆగితే ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ దిగుతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. అప్పుడు మెదడు మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. గొంతు తెరుచుకుని గుర్రుమని పెద్ద శబ్దంతో ఊపిరి వస్తుంది, మళ్లీ నిద్రలోకి జారతాం. అలా లేచినట్టు పొద్దున మనకు గుర్తుండదు. అందుకే "నేను బాగానే పడుకుంటున్నా" అని ఒట్టేసి చెబుతాం. నేనూ చెప్పాను.

దీనికీ లెక్కలు తప్పడానికీ ఏం సంబంధం? మా పాత పద్ధతిలో చిట్టా ఒకటి, ఆవర్జా ఒకటి ఉండేవి. పగలంతా వచ్చినవి వచ్చినట్టు చిట్టాలో రాసేవాళ్లం. రాత్రి మిల్లు సద్దుమణిగాక కూర్చుని, ఒక్కో పద్దు తీసి ఎవరి ఖాతాలోకి వాళ్లది ఆవర్జాలో ఎక్కించేవాళ్లం. బుర్ర కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. పగటి సంగతులు హిప్పోక్యాంపస్ అనే చోట చిట్టాలో ఉన్నట్టు పడి ఉంటాయి. గాఢనిద్రలో అవి మెదడు పైపొరల్లో కుదురుకుంటాయి. ఆ రాత్రి గుమస్తాను గంటకు నలభై సార్లు ఎవరో వచ్చి భుజం కుదిపితే ఏ పద్దు ఏ ఖాతాకు ఎక్కుతుంది? పైగా హిప్పోక్యాంపస్‌కు ఆక్సిజన్ కొరత అసలు పడదు. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే అక్కడి కణాలు త్వరగా దెబ్బతింటాయి.

రెండో దెబ్బ నుదుటి వెనక భాగానికి. ఒక అంకెను మనసులో పట్టుకుని దానితో ఇంకో అంకె కలపడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం, నోటిదాకా వచ్చిన తిట్టును మింగడం, ఇవన్నీ అది చూసే పనులు. మేస్త్రి మీద అరిచింది ఇందుకే. ఇంట్లో మా ఆవిడ, "ఈ మనిషికి ముక్కు మీదికే కోపం వచ్చె" అని వాళ్ల అక్కతో ఫోన్లో చెప్పుకునేదట. పొద్దున్నే తలనొప్పి ఎందుకంటే, బొగ్గుపులుసు వాయువు పెరిగితే మెదడు రక్తనాళాలు ఉబ్బుతాయి. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడం కూడా దీని లక్షణమే. ఊపిరి ఆగినప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి, గుండె గదులు సాగి, ఉప్పును, నీటిని బయటికి పంపే హార్మోను వదులుతాయి. నేను షుగరు అనుకుని మూడుసార్లు పరీక్ష చేయించుకున్నాను. మూడుసార్లూ నార్మల్.

ఇది చిత్తవైకల్యం (డిమెన్షియా) దాకా పోతుందా అని అందరూ అడుగుతారు. సగటు వయసు 82 ఉన్న 298 మంది అమెరికన్ మహిళల మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. దాదాపు ఐదేళ్ల తర్వాత చూస్తే, నిద్రలో ఊపిరి జబ్బు ఉన్నవాళ్లలో సుమారు 45 శాతం మందికి, లేనివాళ్లలో 31 శాతం మందికి చిత్తవైకల్యమో, దానికి ముందు మెట్టు లాంటి మతిమరుపో వచ్చింది. ఇదొక్కటే కారణం అని దానితో తేలిపోదు. కానీ పట్టించుకోకుండా కూర్చోవడానికి కూడా వీల్లేదు.

ఇంట్లో చూసుకోవాల్సినవి

మాకు ఎండాకాలంలో డాబా మీద పడుకోవడం అలవాటు. యాసంగి కోతలప్పుడు ఒక రాత్రి మా ఆవిడ నన్ను గట్టిగా కుదిపి లేపింది. "గురక ఆగింది, ఊపిరీ ఆగింది. నువ్వు సచ్చిపోయినవనుకున్న" అంది. పక్క డాబా మీది వాళ్లు కూడా లేచారు. అప్పటిదాకా మా గురక వాళ్లకు వేళాకోళమే. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మీ ఇంట్లో వాళ్లతో చేయించాల్సింది ఇది. పడుకున్న రెండు మూడు గంటల తర్వాత ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, ఐదేసి నిమిషాలు వీడియో తీయించండి. తెల్లవారుజాము ఎందుకంటే, కలలొచ్చే నిద్ర అప్పుడే ఎక్కువ. ఆ నిద్రలో కండరాలు ఇంకా వదులై ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది. ముఖం ఒక్కటే తీస్తే లాభం లేదు, ఛాతీ, పొట్ట కూడా కనబడాలి. గురక ఆగిన సమయంలో ఛాతీ లోపలికి, పొట్ట బయటికి తూగుటుయ్యాలలా ఊగుతుంటే డాక్టరు పది సెకన్లలో గుర్తుపడతాడు. నా విషయంలో నెలల తరబడి చేసిన వైద్యం చెప్పని సంగతి ఆ వీడియో చెప్పింది.

తర్వాత ఎనిమిది ప్రశ్నలు వేసుకోండి. తలుపు అవతలికి వినబడేంత గురక ఉందా? పగలు అలసట, మత్తు ఉందా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బాగా లావుగా ఉన్నారా, అంటే ఎత్తుకు తగ్గ బరువు చూపే బీఎంఐ లెక్క 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? దీన్ని స్టాప్‌బ్యాంగ్ అంటారు. మూడు అవుననిపిస్తే అనుమానం, ఐదు గానీ ఆపైన గానీ అయితే గట్టి అనుమానం. మెడ కొలతకు టైలరు టేపు చాలు. నాది 42 వచ్చింది. చొక్కా పైగుండీ పట్టడం లేదని ఎప్పుడో వదిలేశాను, అది కూడా ఒక లెక్కేనని తెలియలేదు. బీఎంఐ దగ్గర మాత్రం మనవాళ్లు మోసపోవద్దు. దవడ చిన్నగా, కాస్త వెనక్కి ఉన్నవాళ్లకు సన్నగా ఉన్నా ఈ జబ్బు వస్తుంది.

పగటి మత్తుకు ఎప్‌వర్త్ స్కేలు అని ఇంకొకటి ఉంది. మెల్‌బోర్న్ డాక్టరు మర్రే జాన్స్ 1991లో తయారుచేశాడు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బండిలో పక్క సీట్లో గంటసేపు కూర్చున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు మార్కులు వేసుకోవాలి. 24కు 10 దాటితే ఎక్కువ కింద లెక్క. నాది 17. అయితే జబ్బు ముదిరినా మత్తు తెలియనివాళ్లు ఉంటారు. మార్కులు తక్కువొచ్చాయని వీడియోను పక్కన పెట్టేయకండి.

కరోనా నాటి వేలి ఆక్సిమీటరు అందరి బీరువాల్లో ఉంది. నిద్రలో పెట్టి చూస్తే ఆక్సిజన్ అంకె 80ల్లోకి దిగడం కనబడవచ్చు, అది గట్టి సూచనే. కానీ అంకె బాగున్నంత మాత్రాన జబ్బు లేదనుకోవడానికి లేదు.

ఆడవాళ్ల గురించి ఒక మాట. మా అక్క కూడా గురక పెడుతుంది, కానీ ఆ మాట ఎత్తితే మా బావకే నామోషీ. ఆడవాళ్లలో ఇది గురకగా కాక నిద్ర పట్టకపోవడంగా, ఒళ్లు బరువుగా, దిగులుగా బయటపడటం ఎక్కువ. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. థైరాయిడ్ అనో, వయసనో దాన్ని తోసేస్తారు. పిల్లల్లో అయితే ఇంకో వేషం. టాన్సిల్స్, అడినాయిడ్స్ ఉబ్బి నోటితో ఊపిరి తీసే పిల్లలు పగలు తూగరు, కుదురుగా కూర్చోరు. బడిలో అల్లరి పిల్లాడని పేరొస్తుంది.

డాక్టరు దగ్గర

నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. మొదట చూసిన డాక్టరు, "వయసు, టెన్షన్, నిద్ర చాలట్లేదు" అని నిద్రమాత్రలు రాశాడు. నేను గురక సంగతి చెప్పలేదు, ఆయన అడగలేదు. నాలుగు నెలలు వేసుకున్నాను. నిద్రమాత్ర గొంతు కండరాలను ఇంకా వదులు చేయగలదు, ఊపిరి ఆగినప్పుడు లేపాల్సిన మెదడును మత్తులో ఉంచుతుంది. 53ను 35గా రాసింది ఆ నెలల్లోనే. ఒకరోజు నల్లగొండ నుంచి బండి మీద వస్తూ తిప్పర్తి దాటాక కళ్లు తెరిచే ఉన్నా ఒక కిలోమీటరు దూరం ఎలా వచ్చానో తెలియలేదు. లారీ హారన్‌కు తేరుకున్నాను. గురక, పగటి మత్తు రెండూ ఉంటే పరీక్ష అయ్యేదాకా నిద్రమాత్ర వద్దని మీరే అడగండి. ఇప్పటికే వేసుకుంటున్నవి మాత్రం సొంతంగా ఆపకండి. బండి, కారు, ట్రాక్టరు స్టీరింగు ఎవరికైనా ఇచ్చేయండి. ఈ జబ్బుకు వైద్యం చేయించుకోని డ్రైవర్లకు ప్రమాదాల ముప్పు రెండింతల పైనే.

వెళ్లాల్సింది ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి, లేదా చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి. తప్పుల పుస్తకం, వీడియో, మెడ కొలత, ఇంట్లో మనిషి, నాలుగూ వెంట ఉండాలి. మతిమరుపుకు వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి థైరాయిడ్, బీ12, షుగరు, హిమోగ్లోబిన్ ఒక్కసారే చూపించుకోవడం మంచిది. థైరాయిడ్ తక్కువైతే గురకా వస్తుంది, మందబుద్ధీ వస్తుంది, రెంటినీ కలిపి మోస్తున్నవాళ్లు ఉంటారు.

నిద్ర పరీక్ష రెండు రకాలు. చిన్న పరికరం ఇంటికి ఇచ్చి, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టుకోమంటారు. ఖర్చు తక్కువ, కానీ చాలా పరికరాలకు మనం నిద్రపోయామో లేదో తెలియదు కాబట్టి జబ్బును తక్కువ చేసి చూపొచ్చు. అందులో లేదని వచ్చి, లక్షణాలు ఉంటే ల్యాబ్‌లో పడుకోవాలి. నేను హైదరాబాద్‌లో ఒక రాత్రి పడుకున్నాను. తల నిండా జిగురుతో వైర్లు, దవడకు, కాళ్లకు కూడా. కట్టేసిన కోడిలా ఉన్న నన్ను చూసి మా ఆవిడకు నవ్వాగలేదు. ఇంత పెట్టుకుని నిద్ర ఎలా పడుతుందని టెన్షన్ పడకండి, వాళ్లకు కావాల్సినంత నిద్ర మామూలుగా వచ్చేస్తుంది. ముందు రోజు తలకు నూనె పెట్టుకోవద్దు, సాయంత్రం టీ తాగొద్దు.

రిపోర్టులో ఇరవై అంకెలు ఉంటాయి. మొదట ఏహెచ్ఐ చూడండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సగమైందో ఆ లెక్క. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 పైన తీవ్రం. నాది 42. బుర్ర సంగతి తెలుసుకోవాలంటే ఇంకో రెండు అడగండి: ఆక్సిజన్ అన్నిటికన్నా ఎంతకు దిగింది, 90కి కింద ఎన్ని నిమిషాలు ఉంది. నాది 71 దాకా దిగింది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత అనేది కూడా విడిగా ఉంటుంది. కొందరికి వెల్లకిలా పడుకుంటేనే ఊపిరి ఆగుతుంది, వాళ్ల వైద్యం సులువు.

మాస్కుతో మొదటి నెల

మధ్యస్థం, తీవ్రం అయితే మామూలుగా ముందు చెప్పేది సీప్యాప్ మిషను. సిడ్నీలో డాక్టర్ కోలిన్ సలివాన్ 1981లో తెచ్చిన పద్ధతి. ముక్కుకు మాస్కు కట్టి, కాస్త ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకుపోదు. ఇది ఆక్సిజన్ సిలిండర్ కాదు. మామూలు గాలే. మా వాడలో మాత్రం, "గుమస్తాకు ఆక్సిజన్ వెట్టిన్రంట" అని పాకిపోయింది. ఇద్దరు చుట్టాలు పండ్లు కూడా తెచ్చారు.

కొనేముందు నెలరోజులు అద్దెకు తీసుకోండి, ఇస్తారు. అసలు సమస్య మిషనుతో కాదు, మాస్కుతో. కూర్చుని కొలతలు చూసుకుంటే సరిగానే ఉంటుంది, పడుకున్నాక ముఖం కండలు జారి లీకవుతుంది. అందుకే షాపులో పడుకుని, మిషను ఆన్ చేయించి, అటూ ఇటూ తిరిగి చూడండి. సిగ్గుపడొద్దు, పెట్టేది మన డబ్బు. లీకైతే అందరూ పట్టీలు బిగిస్తారు. బిగిస్తే మెత్తటి అంచు నలిగి లీకు పెరుగుతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. కాస్త వదులు చేసి, మాస్కును ముఖం నుంచి లేపి మళ్లీ ఆనించాలి. నాకు గుబురు మీసం ఉండేది. ముప్పై ఏళ్ల మీసం. వారం రోజులు దానితో కొట్లాడి, చివరికి కత్తిరించాను.

మొదటి రాత్రే ఎనిమిది గంటలు పెట్టుకోవాలని పంతం పట్టకండి. సాయంత్రం వార్తలు చూస్తూ అరగంట, మెలకువగా, మూడు రోజులు పెట్టుకోండి. తర్వాత మధ్యాహ్నం కునుక్కి. ఆ తర్వాత రాత్రికి. ఒత్తిడి మెల్లగా పెరిగేలా ర్యాంప్ అనే సెట్టింగు ఉంటుంది, వాడుకోండి. నాకు రెండో రాత్రి ఊపిరాడనట్టు అనిపించి పీకి పారేశాను. మా మనవడు, "తాతా, ఏనుగు తొండం మళ్లీ పెట్టవా?" అని అడిగితే మూడో రాత్రి పెట్టుకున్నాను. నోరు ఎండిపోతే నోటితో ఊపిరి తీస్తున్నారన్న మాట. మూతి కూడా కప్పే మాస్కు గానీ, గదమ పట్టీ గానీ అడగండి. కడుపు ఉబ్బరంగా ఉంటే గాలి మింగుతున్నారు, ఒత్తిడి సరిచూడమని డాక్టరుకు చెప్పాలి, మీరు మార్చొద్దు.

మిషను గాలిని తేమ చేసే నీళ్ల డబ్బా దగ్గర మన నల్లగొండ జిల్లావాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి ప్రపంచమంతా తెలుసు. నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పడింది. ఆ నీళ్లలో సున్నం లాంటి లవణాలు కూడా ఉంటాయి, పోస్తే వారంలో డబ్బా అడుగున తెల్లటి పొలుసు కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి, అదీ సీలున్న సీసాది. బ్యాటరీ షాపులో అమ్మేది ముక్కులోకి పోయే గాలికి పనికిరాదు. మిగిలిన నీళ్లు పొద్దున్నే పారబోసి డబ్బా ఆరబెట్టాలి. ఫిల్టరు సంగతి మిల్లు పక్కన ఉండేవాళ్లకు వేరేగా చెప్పాలి. పుస్తకంలో ఎన్ని నెలలని రాసినా, ఊక దుమ్ముకు మాది మూడు వారాల్లో నల్లబడుతుంది. చూసి మార్చండి.

కరెంటు పోతే మాస్కులో ఊపిరాడక చనిపోతామని భయపడేవాళ్లున్నారు. మాస్కుకు గాలి బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి, ముక్కూ నోరూ మూసే మాస్కుకు విడిగా వాల్వు కూడా ఉంటుంది. అయినా మిషను ఆగితే తీసేయడమే. ఇన్వర్టరు ఉంటే నీళ్ల డబ్బా వేడి ఆపేయండి, కరెంటు తాగేది ఎక్కువగా అదే.

ఇప్పుడు గంటల లెక్క. రాత్రికి 4 గంటలు వాడితే సరిగా వాడినట్టు డాక్టర్లు రాసుకుంటారు. ఆ నాలుగుతో తృప్తి పడకండి. 2006లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో, మూడు నెలల తర్వాత జ్ఞాపకశక్తి మామూలు స్థాయికి వచ్చినవాళ్లు ఎక్కువగా రాత్రికి 6 గంటలకు మించి వాడినవాళ్లలోనే ఉన్నారు. మూడింటికి మూత్రానికి లేచి మాస్కు తీసి, మళ్లీ పెట్టుకోకుండా పడుకోవడం అందరూ చేసే తప్పు. అన్నిటికన్నా చెడ్డ గంటలు ఆ తర్వాతే మొదలవుతాయి.

బుర్ర ఎప్పుడు తేరుకుంటుంది

పగటి మత్తు నాకు వారంలో తగ్గింది. తలనొప్పి ఐదు రోజుల్లో పోయింది. ఇక లెక్కలు కూడా తెల్లారేసరికి వచ్చేస్తాయనుకున్నాను. రాలేదు. అందుకే తప్పుల పుస్తకం మళ్లీ తీయమంటున్నాను. ప్రతి నెలా అదే రెండు వారాలు రాశాను. మొదటి 31 కాస్తా, నెల తర్వాత 19, మూడో నెలకు 8 అయ్యాయి. అంకెలు తారుమారు కావడం ముందు పోయింది, పేర్లు మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి మొరాయిస్తాయి. మిషను తెర మీద ఏహెచ్ఐ 2 అని చూపించినంత మాత్రాన బుర్ర బాగైనట్టు కాదు. బుర్ర లెక్క మీ పనిలోనే తేలుతుంది. టీచరైతే పేపర్లు దిద్దడంలో, డ్రైవరైతే గేర్లలో, ఆడవాళ్లయితే పొయ్యి మీద మరిచిపోయిన గిన్నెల్లో.

మెదడు స్కాన్ బొమ్మల్లో కూడా మార్పు కనబడింది. మిలాన్‌లో 17 మంది రోగులను చూస్తే, మూడు నెలల వాడకంతో తగ్గిన బూడిదరంగు భాగం కొంత పెరిగిందని 2011లో రాశారు. మెదడు భాగాలను కలిపే తెల్లటి తీగల్లాంటివి తేరుకోవడానికి ఏడాది పట్టిందని 2014లో తేలింది. మంది తక్కువ కాబట్టి దీన్ని గ్యారంటీ కార్డులా జేబులో పెట్టుకోవద్దు. అమెరికాలో వెయ్యి మందికి పైగా మీద ఆరు నెలలు చేసిన పెద్ద పరిశోధనలో మత్తు బాగా తగ్గింది గానీ, ఆలోచన పరీక్షల్లో లాభం కొద్దిగానే వచ్చింది. మూడు నెలలు ఆరేసి గంటలు వాడినా తప్పులు తగ్గకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. దిగులు, థైరాయిడ్, వేరే మతిమరుపు జబ్బు ఏదో వెతకాల్సిందే.

మిషను కాకుండా

స్వల్పంగా ఉన్నవాళ్లకు, మిషను పడనివాళ్లకు కింది దవడను ముందుకు పట్టే పళ్ల సెట్టు లాంటిది దంతవైద్యులు చేసిస్తారు. వెల్లకిలాతోనే వచ్చేవాళ్లు బనియన్ వెనక జేబు కుట్టించి టెన్నిస్ బంతి వేసుకోవచ్చు, నవ్వులాట కాదు, పనిచేస్తుంది. పది శాతం బరువు తగ్గితే ఏహెచ్ఐ దాదాపు నాలుగో వంతు తగ్గిందని 2000లో వచ్చిన పరిశోధన. నేను 91 నుంచి 84కు వచ్చాను, మిషను మాత్రం వదల్లేదు.

కల్లు, మందు పడుకునే ముందు వద్దు, రెండూ గొంతును వదులు చేస్తాయి. కల్లు గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కొన్నిచోట్ల ఆల్ప్రజోలం, డైజిపాం కలిపి అమ్ముతూ పట్టుబడిన వార్తలు అందరం చదివాం. అవి నిద్రమాత్రల జాతివే. ఈ జబ్బున్న మనిషి అది తాగి వెల్లకిలా పడుకుంటే ఏమవుతుందో నా నాలుగు నెలల కథ చూసి ఊహించుకోండి. ఏళ్లుగా అలాంటి కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చూస్తుండగా మెల్లగా మానాలి.

ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి, మిషను ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెళ్లిళ్లకు, యాత్రలకు కూడా వెంట ఉండాలి, రెండు రాత్రులు వదిలితే మూడో రోజుకు నా అంకెలు మళ్లీ తారుమారు అవుతాయి. లాడ్జీల్లో ప్లగ్గు ఎప్పుడూ మంచానికి ఎదుటి గోడకే ఉంటుంది. ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు సంచిలో వేసుకోండి.